లేని సదుపాయానికి సరైన జవాబు: డివైస్ డ్రైవర్ ఇంజనీర్లకు బహిరంగ లేఖ

హైదరాబాద్, బెంగళూరు మొదలుకొని విదేశాల దాకా ఉన్న చిప్ డిజైన్ కేంద్రాల్లో డివైస్ డ్రైవర్లు రాస్తున్న ఇంజనీర్లకు, ఆ కోడ్‌ను సమీక్షించి కెర్నెల్‌లోకి అనుమతించే మెయింటెయినర్లకు, విడుదల తేదీలు నిర్ణయించే విభాగాధిపతులకు,



ఆపరేటింగ్ సిస్టమ్‌కూ యంత్ర భాగానికీ మధ్య నిలిచి, పైనుంచి వచ్చిన కోరికను ఆ భాగానికి తెలిసే ఆదేశంగా మార్చి, దాని జవాబును తిరిగి పైకి చేరవేసే కోడ్‌ను డివైస్ డ్రైవర్ అంటారు. ఒక డ్రైవర్ ఒకే చిప్ కోసం తయారు కావడం అరుదు. ఒకే కుటుంబానికి చెందిన అనేక మోడళ్లను, వాటి పాత, కొత్త ఫర్మ్‌వేర్లను, అదే ప్రమాణాన్ని పాటిస్తున్నామని చెప్పుకునే ఇతర తయారీదారుల సరుకును కూడా అదే కోడ్ నడపవలసి ఉంటుంది. ఖరీదైన మోడల్‌లో ఉన్న సదుపాయం చవక మోడల్‌లో ఉండదు, ఈ ఏటి చిప్‌లో వచ్చినది పోయిన ఏటి చిప్‌లో ఉండదు, కాగితం మీద ఉన్నది ఒక్కొక్కసారి సిలికాన్‌లోనే ఉండదు. అంటే అడిగిన సదుపాయం లేకపోవడమన్నది డ్రైవర్ జీవితంలో ఎప్పుడో ఎదురయ్యే అపవాదం కాదు, నిత్యం ఎదురయ్యే స్థితి. అయినా డిజైన్ పత్రాలూ పరీక్షల జాబితాలూ ఉన్న సదుపాయాల గురించే మాట్లాడుతాయి. లేనిదాన్ని అడిగితే ఏమి జరగాలన్న నిర్ణయం ఫంక్షన్ చివర తొందరలో రాసిన ఒక్క రిటర్న్ పంక్తికి మిగిలిపోతుంది. ఈ లేఖ ఆ పంక్తిని గురించి.

ఇందులో ప్రతిపాదిస్తున్న సూత్రం ఒక్కటే. పై పొరకు ఇచ్చిన హామీ చెక్కుచెదరకుండా ఉండి, నష్టపోయేది వేగం మాత్రమే అయినప్పుడు, హార్డ్‌వేర్‌లోని లోటును సాఫ్ట్‌వేర్‌తో పూడ్చవచ్చు, పూడ్చాలి కూడా. హామీ స్వభావమే మారిపోయే చోట మాత్రం పూడ్చినట్టు నటించకుండా, అడిగినవారు అపార్థం చేసుకోవడానికి వీలులేని జవాబుతో లేదని చెప్పాలి. వినడానికి ఇది సులభంగానే ఉంటుంది. ఆచరణలో మాత్రం చాలా కోడ్ దీనికి రెండు వైపులా తప్పుతుంది: పూడ్చదగిన లోటుకు పరికరాన్నే పనికిరానిదిగా ప్రకటించడం ఒక వైపు, పూడ్చకూడని లోటును మౌనంగా దాటవేయడం మరొక వైపు.

ఈ సూత్రాన్ని ఇంత పట్టుదలగా ఎందుకు చెప్పవలసి వస్తున్నదో లైనక్స్ నిల్వ వ్యవస్థ చరిత్రలోని ఒక ఘట్టం చూపుతుంది. డిస్కులు వేగం కోసం తమకు అందిన డేటాను ముందు తమలోని తాత్కాలిక మెమరీలో, అంటే రైట్ క్యాష్‌లో ఉంచుకొని, శాశ్వతంగా రాయకముందే పని పూర్తయిందని జవాబిస్తాయి. ఆ క్షణంలో కరెంటు పోతే ఆ డేటా పోయినట్టే. జరగబోయే మార్పులను ముందుగా ఒక జర్నల్‌లో నమోదు చేసుకునే ఫైల్ సిస్టమ్‌లు ఏ బ్లాకు ముందు డిస్కుకు చేరుతుంది, ఏది తరువాత చేరుతుంది అన్న క్రమం మీదనే ఆధారపడతాయి కనుక, క్యాష్‌లో ఉన్నదంతా ఇప్పుడే రాసెయ్యమని చెప్పే ఫ్లష్ ఆదేశం వాటికి ప్రాణాధారం. 2.6 శ్రేణి కెర్నెళ్లలో ఈ క్రమాన్ని కాపాడడానికి బ్యారియర్ అనే ప్రత్యేక అభ్యర్థన ఉండేది. ఫైల్ సిస్టమ్ దాన్ని కిందికి పంపేది. కింది పొరకు ఆ శక్తి లేకపోతే మద్దతు లేదన్న ఎర్రర్ తిరిగి వచ్చేది. అప్పుడు ఫైల్ సిస్టమ్ లాగ్‌లో ఒక పంక్తి రాసి, బ్యారియర్లను ఆపుకొని, ఏమీ జరగనట్టు ముందుకు సాగేది. ఈఎక్స్‌టీ3 జర్నల్ కోడ్ ఇదే చేసింది; ఎక్స్‌ఎఫ్‌ఎస్ మౌంట్ చేసేటప్పుడే ఒక ప్రయోగాత్మక రాత చేసి చూసి, అది విఫలమైతే బ్యారియర్లను మానుకొనేది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ లేదన్న జవాబు చాలాసార్లు డిస్కు నుంచి వచ్చినది కాదు. డిస్కుకు ఫ్లష్ ఆదేశం తెలుసు, డ్రైవర్‌కూ తెలుసు. వాటికీ ఫైల్ సిస్టమ్‌కూ మధ్య నిలిచి అనేక డిస్కులను ఒకే వాల్యూమ్‌గా కలిపే డివైస్ మ్యాపర్ అనే పొర మాత్రం చాలాకాలం బ్యారియర్ అభ్యర్థనను కిందికి పంపడం నేర్చుకోలేదు, అందువల్ల తానే మద్దతు లేదని తిప్పి పంపేది. ఈ పొర మీద నడిచే ఎల్‌వీఎం వాడిన సర్వర్లలో హార్డ్‌వేర్‌కు శక్తి ఉండి కూడా డేటా రక్షణ లేకుండా పోయింది, అది పోయిన సంగతి చెప్పడానికి లాగ్‌లో ఒక పంక్తి తప్ప ఏమీ లేదు. కరెంటు కోతలు కొత్తకాని ప్రాంతాల్లో సర్వర్లు నడిపే వారికి ఈ తేడా ఎంతటిదో వివరించనక్కరలేదు. అడిగిన వేగం దొరకకపోతే సర్దుకోవచ్చు. రాసిన డేటా నిలుస్తుందన్న హామీ మౌనంగా రద్దు కావడాన్ని సర్దుబాటు అనడం సరికాదు.

2011 జనవరిలో విడుదలైన 2.6.37 కెర్నెల్‌లో ఈ ఏర్పాటును మార్చి, బాధ్యతలను కొత్తగా పంచారు. బ్యారియర్ స్థానంలో రెండు గుర్తులు వచ్చాయి: క్యాష్ ఖాళీ చెయ్యమనే ఫ్లష్ ఒకటి, ఈ ఒక్క బ్లాకును నేరుగా శాశ్వత నిల్వలో రాయమనే ఎఫ్‌యూఏ మరొకటి. తనలో క్యాష్ ఉన్నదో లేదో, ఎఫ్‌యూఏ తెలుసో తెలియదో డ్రైవర్ మొదట్లోనే బ్లాక్ లేయర్‌కు ఒకసారి చెప్పుకుంటుంది. ఫైల్ సిస్టమ్ ఆ వివరాలు ఏవీ ఆలోచించకుండా తనకు కావలసిన హామీని అడుగుతుంది. ఎఫ్‌యూఏ తెలియని డిస్కు అయితే బ్లాక్ లేయర్ మామూలుగా రాయించి, వెంటనే ఫ్లష్ పంపించి, అదే హామీని మరికాస్త నెమ్మదిగా నిలబెడుతుంది. అసలు క్యాషే లేని డిస్కు అయితే ఖాళీ చెయ్యవలసింది ఏమీ లేదు కనుక ఫ్లష్‌ను ఉన్నచోటే పూర్తయినట్టు ముగిస్తుంది. లోటును ఎక్కడ పూడ్చాలో తెలిసిన పొరకే ఆ పని అప్పగించడం, పై పొరకు లోటు కనిపించకుండా చేస్తూనే హామీని కాపాడడం అంటే ఏమిటో ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

నెట్‌వర్క్ డ్రైవర్లలోనూ ఇదే పద్ధతి ఫలించింది. పెద్ద డేటాను చిన్న చిన్న ప్యాకెట్లుగా కత్తిరించే పనిని కొన్ని నెట్‌వర్క్ కార్డులు తామే చేసి సీపీయూ భారం తగ్గిస్తాయి. దీన్ని టీఎస్‌ఓ అంటారు. అది లేని కార్డుల కోసం 2006 నాటి 2.6.18 కెర్నెల్‌లో జీఎస్‌ఓ అనే ఏర్పాటు వచ్చింది. దీనిలో పెద్ద ముక్క పై పొరలన్నిటినీ అలాగే దాటివచ్చి, డ్రైవర్ చేతికి అందే ముందు మాత్రమే సాఫ్ట్‌వేర్‌లో కత్తిరింపు జరుగుతుంది. కార్డులో సదుపాయం లేకపోయినా దానివల్ల కలిగే లాభంలో కొంత వాడుకరికి దక్కడం ఇందులోని విశేషం. ఇక ఏ సదుపాయాలున్నాయో చూపే ఈథ్‌టూల్ జాబితాలో మార్చడానికి వీలులేని వాటి పక్కన ఫిక్స్‌డ్ అన్న గుర్తు కనిపిస్తుంది; అడిగినా అమలు కాని వాటి పక్కన, కోరింది ఒకటి, జరుగుతున్నది మరొకటి అని తెలిపే గుర్తు వేరుగా కనిపిస్తుంది. అడిగినదానికీ జరిగినదానికీ మధ్య తేడాను దాచకుండా ఉంచే ఈ చిన్న ఏర్పాటు నెట్‌వర్క్ నిర్వాహకుల పనిని ఎంతో తేలిక చేసింది. మిగతా డ్రైవర్ విభాగాలన్నిటిలో ఇటువంటిది ఇంకా ఎందుకు రాలేదన్నది అడగవలసిన ప్రశ్న.

పూడ్చకూడని లోట్ల విషయానికి వస్తే, బ్లాక్ పరికరాల మీద జరిగే రెండు పనులను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఫలానా బ్లాకులు ఇక అవసరం లేదని డిస్కుకు చెప్పడాన్ని డిస్కార్డ్ అంటారు. అది ఒక సలహా మాత్రమే కాబట్టి డిస్కు పట్టించుకోకపోయినా ప్రమాదం లేదు. అవే బ్లాకులను తిరిగి చదవడానికి వీలు లేకుండా చెరిపెయ్యమనడం సెక్యూర్ డిస్కార్డ్. ఇది అడిగే మనిషి తన రహస్యం పోవాలని కోరుకుంటున్నాడు. రెండోది తెలియని డిస్కుకు మొదటిదాన్ని పంపి విజయం ప్రకటించే డ్రైవర్ పేరు చూసి పని పోల్చుకున్నదే కానీ హామీని చూడలేదు. సున్నాలు రాయడం విషయంలో కెర్నెల్ మరింత జాగ్రత్త చూపింది. ఒక ప్రాంతమంతా సున్నాలు నింపమన్నప్పుడు డిస్కుకు ఆ ఆదేశం తెలియకపోతే బ్లాక్ లేయర్ నిజంగానే సున్నాల పేజీలను ఒక్కొక్కటిగా రాస్తుంది. అయితే అడిగేవారు ప్రత్యామ్నాయం వద్దని ఒక ఫ్లాగ్ ద్వారా చెప్పుకోవచ్చు, అప్పుడు రాతకు బదులు మద్దతు లేదన్న జవాబే వస్తుంది. స్థలం మిగుల్చుకుందామని వచ్చిన వారికి గిగాబైట్ల కొద్దీ సున్నాలు రాసి పెట్టడం ఉపకారం కాదు కనుక ఈ ఎంపికను అడిగేవారికే విడిచిపెట్టడం న్యాయం.

కాలాన్ని అతి సూక్ష్మంగా కొలిచే నెట్‌వర్క్ టైమ్‌స్టాంపింగ్‌లో మరో మేలైన నియమం ఉంది. కొన్ని రకాల ప్యాకెట్లకే సమయముద్ర వెయ్యమని అడిగినప్పుడు, కార్డుకు అంత ఎంపిక చేసే శక్తి లేకపోతే, డ్రైవర్ అంతకంటె విస్తృతంగా, అన్ని ప్యాకెట్లకూ ముద్ర వెయ్యవచ్చు. కానీ తాను నిజంగా ఏది అమలు చేసిందో అదే నిర్మాణంలో తిరిగి రాసి చెప్పాలి, అడిగినదానికంటె తక్కువ మాత్రమే చేయగలిగితే ఎర్రర్ ఇవ్వాలి. కెమెరా డ్రైవర్లు అడిగిన చిత్ర పరిమాణం లేకపోతే దగ్గరి పరిమాణానికి సర్దుకొని ఆ సంగతి తిరిగి తెలపడం, తెర డ్రైవర్లు ఒక అమరికను అమలు చేయకుండానే ఇది సాధ్యమా అని పరీక్షించే అవకాశం ఇవ్వడం ఇదే కోవలోనివి.

లేదన్న సంగతిని డ్రైవర్ ముందుగా ఎలా తెలుసుకోవాలన్నది తరువాతి ప్రశ్న. ఉత్తమమైన మార్గం పరికరమే తన శక్తులను ప్రకటించడం. వర్చువల్ మెషీన్లలో వాడే వర్టియో పరికరాల ప్రమాణం దీన్ని ఒక క్రమబద్ధమైన సంప్రదింపుగా మలిచింది: పరికరం తనకు తెలిసిన సదుపాయాలను బిట్ల రూపంలో చూపుతుంది, డ్రైవర్ వాటిలో తనకు అర్థమైన వాటిని మాత్రమే ఎంచుకొని తిరిగి రాస్తుంది, ఎంపిక ముగిసిందని ఒక స్థితి బిట్ పెడుతుంది, ఆపైన ఆ బిట్‌ను మళ్లీ చదివి అది నిలిచి ఉందో లేదో చూస్తుంది. నిలవకపోతే ఆ కలయిక పరికరానికి ఆమోదం కాదని అర్థం. ఆ చివరి చదువును అనవసరమని వదిలేసే డ్రైవర్లు తమ పరీక్షల్లో బాగానే నడుస్తాయి, కొత్త పరికరం ఎదురైనప్పుడు మాత్రం కారణం తెలియని విధంగా తప్పుతాయి. ఎన్‌వీఎంఈ డిస్కులు కూడా తమ గుర్తింపు సమాచారంలోనే ఏ ఐచ్ఛిక ఆదేశాలు తమకు తెలుసో ఒక గడిలో చెప్పుకుంటాయి కనుక, పంపి చూసి తన్నులు తినే పని లేదు.

అయితే ప్రకటనను చదవడమే ప్రమాదమయ్యే పరికరాలున్నాయి. యూఎస్‌బీ నిల్వ పరికరాల్లో చాలావాటిని తయారీదారులు విండోస్‌తో మాత్రమే పరీక్షించి అమ్మకానికి పెట్టారు. విండోస్ పరికరపు గుర్తింపు వివరాలను 36 బైట్లే అడిగేది. అంతకంటె ఎక్కువ అడిగితే కొన్ని పరికరాలు పూర్తిగా స్తంభించేవి. మరొక రకం ప్రశ్నను విండోస్ 192 బైట్ల పొడవుతో అడిగేది; వేరే పొడవుతో అడిగితే తట్టుకోలేని డిస్కులు అనేకం. ప్రమాణం ప్రకారం చూస్తే లైనక్స్ డ్రైవర్ అడిగిన ప్రశ్నలో తప్పు లేదు, తెలియని ప్రశ్నకు తెలియదని జవాబివ్వని పరికరానిదే తప్పు. అయినా తన డేటా కోసం ఎదురుచూస్తున్న మనిషికి ఆ తీర్పు వల్ల ఒరిగేది లేదు. అందుచేత లైనక్స్ డ్రైవర్ కూడా 36కూ 192కూ సర్దుకున్నది. ప్రశ్న వేసే పద్ధతిలో కూడా మర్యాద ఉండాలని, పరికరం నిజంగా అలవాటు పడ్డ ప్రశ్నలనే ముందు అడగాలని ఈ అనుభవం నేర్పుతుంది.

అబద్ధం చెప్పే పరికరాలు ఇంకో రకం. 2019 జూలైలో మార్కెట్లోకి వచ్చిన ఏఎండీ జెన్ 2 ప్రాసెసర్లలో యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే ఆర్‌డీర్యాండ్ అనే ఆదేశం ఉన్నదని సీపీయూ ప్రకటించింది, అడిగినప్పుడు విజయమనీ చెప్పింది, కానీ ప్రతిసారీ అన్ని బిట్లూ ఒకట్లే ఉన్న అదే సంఖ్యను ఇచ్చింది. దాన్ని నమ్మిన సిస్టమ్‌డీ, అంటే బూట్‌ను నడిపించే ప్రోగ్రామ్, కారణంగా కొన్ని లైనక్స్ పంపిణీలు బూట్ కాలేకపోయాయి, ప్రాసెసర్‌లోని లోపాన్ని సరిదిద్దడానికి బయాస్ అప్‌డేట్ రావలసివచ్చింది. ప్రకటన ఉన్నంత మాత్రాన సదుపాయం ఉన్నట్టు కాదని, వచ్చిన జవాబు అర్థవంతంగా ఉందో లేదో ఒక చిన్న పరీక్షతోనైనా చూసుకోవాలని దీనివల్ల తేలింది. ఎస్‌ఎస్‌డీల విషయంలో మరింత నేర్పైన పరిష్కారం కనిపిస్తుంది. కొన్ని శాంసంగ్, క్రూషియల్ మోడళ్లు ఇతర ఆదేశాలతో పాటు వరుసలో నిలబెట్టి పంపే ట్రిమ్ ఆదేశాన్ని (డిస్కార్డ్‌ను ఈ డిస్కులకు చేరవేసే ఆదేశం) సమర్థిస్తామని చెప్పి, ఆచరణలో దాన్ని సరిగా నిర్వహించలేకపోయాయి. లైనక్స్ ఆ మోడళ్లను ఒక పట్టికలో చేర్చి, వరుసలో పంపే ట్రిమ్‌ను మాత్రమే ఆపి, విడిగా పంపే మామూలు ట్రిమ్‌ను యథాతథంగా ఉంచింది. తేడా చేసిన వేలుకే కట్టు కట్టాలి కాని చేతినంతా తీసివేయకూడదన్న వివేకం ఇటువంటి పట్టికలు రాసే ప్రతి ఒక్కరికీ ఉండాలి. ఒక లోపం కనబడగానే మొత్తం పరికరాన్ని నెమ్మది మార్గంలోకి నెట్టే క్విర్క్‌లు, అంటే ప్రత్యేక మినహాయింపులు, కెర్నెళ్లలో తక్కువేమీ కాదు.

ఇక లేదని చెప్పే భాష సంగతి. యూనిక్స్ సంప్రదాయంలో ఎర్రర్ కోడ్ ఒక సంఖ్య, దాని వెనుక ఒక అర్థం ఉంటుంది. లైనక్స్‌లో 95 అంటే ఈ పనికి ఇక్కడ మద్దతు లేదు. 22 అంటే ఇచ్చిన విలువ చెల్లదు. 25 అంటే ఈ పరికరానికి ఈ ఐఓసీటీఎల్, అంటే పరికరానికి మాత్రమే చెందిన ప్రత్యేక కోరిక, వర్తించదు. 38 అంటే అటువంటి సిస్టమ్ కాల్ లేనేలేదు. అనేక డ్రైవర్లు ఈ నాలుగింటిలో చేతికందినదాన్ని ఇచ్చేస్తాయి. లేని సదుపాయానికి 22 వచ్చినప్పుడు అప్లికేషన్ రాసినవారు తాము పంపిన విలువ తప్పేమోనని వేరే విలువలతో ప్రయత్నిస్తూ పోతారు. సదుపాయం ఉండి నిజంగానే విలువ తప్పు పంపినప్పుడు 95 వస్తే, అసలు లేదనుకొని ప్రత్యామ్నాయానికి మళ్లిపోతారు, బగ్ అలాగే దాగి ఉంటుంది. కోడ్ ఎంపిక వల్ల మరొకరి ప్రోగ్రామ్ నడిచే దారి మారుతుంది కనుక దాన్ని అలంకారంగా భావించరాదు.

ఇందులో ఒక తప్పు ప్రత్యేకంగా చెప్పదగినది. కెర్నెల్ లోపలి వాడుకకు మాత్రమే ఉద్దేశించిన 524 అనే కోడ్ ఒకటుంది. పేరులో ఒకటి రెండు అక్షరాల తేడాతో అది 95కు కవల పిల్లలా కనిపిస్తుంది. తొందరలో దాన్ని వాడిన డ్రైవర్ నుంచి ఆ సంఖ్య యూజర్ ప్రోగ్రామ్ దాకా జారిపోతే, సీ లైబ్రరీకి దాని అర్థం తెలియదు కాబట్టి తెరమీద అన్‌నోన్ ఎర్రర్ 524 అన్న పంక్తి కనిపిస్తుంది. ఆ పంక్తిని చూసిన వారు డిస్కు పాడైందనుకోవచ్చు, కేబుల్ మార్చవచ్చు, పరికరాన్ని షాపుకు తిరిగి ఇవ్వవచ్చు. నిజానికి అక్కడ జరిగినదల్లా ఒక ఐచ్ఛిక సదుపాయం లేకపోవడమే. కోడ్‌ను తనిఖీ చేసే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు ఈ వాడుకనూ, 38ని సిస్టమ్ కాల్‌కు సంబంధం లేని చోట వాడడాన్నీ పట్టి హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికలను శైలి సలహాలుగా పక్కన పెట్టవద్దని సమీక్షకులకు విన్నపం.

విండోస్‌లో ప్లగ్ అండ్ ప్లే అభ్యర్థనలకు ఉన్న నియమం ఈ సందర్భంలో స్మరించదగినది. అక్కడ అభ్యర్థన బయలుదేరేటప్పుడే దాని ఫలితపు గడిలో మద్దతు లేదన్న విలువ రాసి ఉంటుంది. తనకు తెలియని అభ్యర్థన వచ్చిన డ్రైవర్ ఆ గడిని ముట్టుకోకుండా కిందికి పంపాలి. వరుసలోని ఏ డ్రైవరూ పట్టించుకోకపోతే అడిగినవారికి తొలి విలువే తిరిగి చేరుతుంది. మౌనానికి కూడా సరైన అర్థం వచ్చేలా కట్టిన ఏర్పాటు ఇది. తెలియని డ్రైవర్ మర్యాద కోసమని ఆ గడిలో విజయం రాస్తే మాత్రం మొత్తం వరుస తరఫున అబద్ధం చెప్పినట్టవుతుంది.

మొబైళ్లలోనూ చిన్న బోర్డులలోనూ వాడే సిస్టమ్ ఆన్ చిప్‌ల డ్రైవర్లలో లేమికి మూడు రూపాలున్నాయి. వాటిని కలిపేయడం వల్ల వచ్చే బగ్‌లు పట్టుకోవడానికి అతి కష్టమైనవి. కిరాణా కొట్టులో ఆ సరుకు మేము అమ్మము అనడం, సాయంత్రానికి వస్తుంది అనడం, వచ్చింది కానీ ఎలుకలు కొట్టేశాయి అనడం మూడు వేర్వేరు మాటలు కదా. ఒక బోర్డులో ఫలానా క్లాక్ సిగ్నల్ అసలు అమర్చి ఉండకపోవచ్చు. అమర్చి ఉన్నా దాన్ని అందించే డ్రైవర్ ఇంకా లోడ్ కాకపోయి ఉండవచ్చు. లోడై కూడా విఫలమై ఉండవచ్చు. రెండో స్థితికి కెర్నెల్‌లో 517 అనే ప్రత్యేకమైన కోడ్ ఉంది, దాని అర్థం తరువాత మళ్లీ ప్రయత్నించు అని. క్లాక్ అడిగినప్పుడు ఏ ఎర్రర్ వచ్చినా లేదనే భావించి ముందుకు సాగే రెండు పంక్తుల కోడ్ ఎన్నో డ్రైవర్లలో నకలుగా తిరిగింది. ఆ కోడ్ ఉన్న బోర్డు ఒక బూట్‌లో చక్కగా పనిచేస్తుంది, డ్రైవర్లు లోడయ్యే వరుస కాస్త మారిన మరో బూట్‌లో క్లాక్ లేకుండా పరికరాన్ని నడిపి మొరాయిస్తుంది. ఏది కారణమో చెప్పే ఎర్రర్ అప్పటికే మింగివేయబడి ఉంటుంది. ఐచ్ఛిక క్లాకుల కోసం, రెగ్యులేటర్ల కోసం, జీపీఐఓల కోసం కెర్నెల్ విడిగా ఫంక్షన్లు ఇచ్చినది ఇందుకే. క్లాకులు, జీపీఐఓల విషయంలో అవి నిజంగా లేనప్పుడు మాత్రమే ఖాళీ విలువ ఇచ్చి, మిగతా ఎర్రర్లను అలాగే పైకి పంపుతాయి. రెగ్యులేటర్ల ఫంక్షన్ లేనప్పుడు కూడా ఎర్రరే ఇస్తుంది కాబట్టి అక్కడ ఏ ఎర్రర్ వచ్చిందో చూసి తేల్చుకోవాలి.

లాగ్‌లో ఏమి రాయాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, వాడుకరికి డ్రైవర్‌తో ఉండే ప్రత్యక్ష పరిచయం చాలాసార్లు అదొక్కటే. లైనక్స్ కంప్యూటర్‌కు చవక పెన్‌డ్రైవ్ తగిలించిన వారికి నో క్యాషింగ్ మోడ్ పేజ్ ఫౌండ్ అన్న పంక్తి, దాని వెంట అజ్యూమింగ్ డ్రైవ్ క్యాష్ రైట్ త్రూ అన్న పంక్తి సుపరిచితాలు. క్యాష్ సంగతి పరికరం చెప్పలేదని మొదటి పంక్తి, అందువల్ల క్యాష్ లేనట్టే భావిస్తున్నామని రెండోది చెబుతాయి. ఊహ అయినా ఊహేనని బయటకు చెప్పడం ఇక్కడ మెచ్చుకోదగినది. క్యాష్ ఉండి కూడా చెప్పని పరికరాల కోసం వేరే ఫ్లాగ్ కూడా ఏర్పాటైంది. దీనికి భిన్నంగా యూఎస్‌బీ ఆడియో డ్రైవర్‌లో శాంపిల్ రేటు చదవబోయి విఫలమైనప్పుడు వచ్చే సందేశం ఎందరినో కంగారు పెట్టింది. కొన్ని వెబ్‌క్యామ్‌లలోని మైకులు రేటును అమర్చనిస్తాయి కానీ తిరిగి చదవనివ్వవు. చదివినప్పుడల్లా కొన్ని పరికరాలు టైమ్‌అవుట్ అయ్యేదాకా వేచి ఉండేలా చేస్తాయి, లాగ్ అదే పంక్తితో నిండిపోతుంది, నిజమైన లోపం ఏదైనా ఉంటే ఆ గుంపులో కనబడకుండా పోతుంది. తరువాత ఆ డ్రైవర్ కొన్ని వైఫల్యాల తరువాత చదవడం మానుకోవడం నేర్చుకున్నది, తెలిసిన పరికరాలకు మినహాయింపులూ చేరాయి. లేని ఐచ్ఛిక సదుపాయాన్ని ఒక్కసారే, ఎర్రర్ స్థాయిలో కాకుండా సమాచార స్థాయిలో నమోదు చేసి, ఆ సంగతిని గుర్తుంచుకొని మళ్లీ అడగకపోవడం మొదటి రోజు నుంచే ఉండవలసిన ప్రవర్తన.

విభాగాధిపతులను ఉద్దేశించి ఒక మాట చెప్పక తప్పదు. ఇంజనీరు ఎంత జాగ్రత్తగా రాసినా, ల్యాబ్‌లో ఉన్నవన్నీ అన్ని సదుపాయాలూ ఉన్న ఖరీదైన బోర్డులే అయితే, లేని దారి ఒక్కసారైనా నడవకుండానే కోడ్ విడుదలవుతుంది. దీనికి కొత్త హార్డ్‌వేర్ కొనవలసిన పనిలేదు. క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లో వర్చువల్ నెట్‌వర్క్ కార్డు సదుపాయాలను ఒక్కొక్కటిగా ఆపివేయవచ్చు, సీపీయూ నుంచి ఆర్‌డీర్యాండ్‌ను తొలగించి బూట్ చేయవచ్చు. కెర్నెల్‌తో వచ్చే స్కసీ డీబగ్ మాడ్యూల్ డిస్కార్డ్ తెలిసిన డిస్కుగానూ తెలియని డిస్కుగానూ నటించగలదు. కావాలని వైఫల్యాలు కల్పించే ఫాల్ట్ ఇంజెక్షన్ ఏర్పాటు కెర్నెల్‌లోనే ఉంది. ప్రతి విడుదలకు ముందు డ్రైవర్ అడిగే ప్రతి ఐచ్ఛిక సదుపాయాన్ని ఒక్కొక్కటిగా తీసివేసి, డ్రైవర్ లోడవుతున్నదా, పై పొరకు ఏ కోడ్ చేరుతున్నది, లాగ్‌లో ఎన్ని పంక్తులు పడుతున్నాయి, సస్పెండ్ చేసి లేపినప్పుడు కూడా అదే ప్రవర్తన నిలుస్తున్నదా అని చూడడానికి రాత్రిపూట నడిచే పరీక్షల్లో చోటు కల్పించాలి. అలాగే డ్రైవర్‌తో ఇచ్చే డాక్యుమెంటేషన్‌లో ఏ మోడల్‌లో ఏ సదుపాయం లేదు, అడిగితే ఏ జవాబు వస్తుంది, ఏ చోట సాఫ్ట్‌వేర్ పూడుస్తుంది, ఏ చోట పూడ్చదు అన్న వివరాలను అప్లికేషన్లు రాసేవారికి అర్థమయ్యేలా చేర్చాలని, ఆ వివరాలు లేని ప్యాచ్‌ను సమీక్ష దశలోనే తిప్పి పంపాలని మెయింటెయినర్లకు ఈ లేఖ విజ్ఞప్తి చేస్తున్నది.